తెల్లనివన్నీ పాలే

నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అనుకునేవాణ్ణి లోకం అమాయకుడంటుంది. 1858లో న్యూయార్క్ నగర పెద్దలు దాన్నే ఆరోగ్య విధానంగా పాటించారు. వారికి దక్కాల్సిన మర్యాద ఇంతవరకూ దక్కకపోవడం అన్యాయం.

అప్పట్లో విస్కీ బట్టీల పక్కనే పశువుల కొట్టాలుండేవి. బట్టీలో మిగిలిన మడ్డి పొగలు కక్కుతూ నేరుగా తొట్టిలోకి వచ్చేది. అది తాగిన ఆవులకు పళ్ళు పాడయ్యేవి, ఒళ్ళంతా పుళ్ళు, తోకలు కుళ్ళి ఊడిపోయేవి. పాలు మాత్రం ఆగేవి కావు. నీలంగా, పల్చగా వచ్చే ఆ పాలలో సుద్దపొడో పిండో కలిపి, బండి మీద ‘స్వచ్ఛమైన పల్లె పాలు’ అని రాసి అమ్మేవారు. పల్లె కాస్త దూరమైనా, అక్షరాలు స్వచ్ఛంగానే ఉండేవి.

ఫ్రాంక్ లెస్లీ అనే పత్రికాధిపతి ఊరుకోక ఈ సంగతంతా బొమ్మలతో సహా అచ్చేశాడు. గోల పెద్దదై తనిఖీ సంఘం కదిలింది. వస్తున్నట్టు కొట్టాలవాళ్ళకు ముందే కబురు వెళ్ళిందని గిట్టనివాళ్ళు ఆడిపోసుకున్నారు. చెప్పకుండా ఒకరింటికి వెళ్ళడం మర్యాదేనా? సంఘం చూసింది, ఆలోచించింది, తేల్చింది: పాలలో దోషం లేదు, కొట్టాల్లో కాస్త గాలి ఆడేలా చూస్తే చాలు. తోక లేని ఆవుకు గాలి! ఈగలు తోలుకోవడానికి కాబోలు. సంఘం వారు ఆవుకు సున్నం కొడుతున్నట్టు లెస్లీ పత్రిక బొమ్మ వేసింది. పాలకు సుద్ద, ఆవుకు సున్నం. ఆ మడ్డి పాలను నిషేధిస్తూ చట్టం రావడానికి 1862 దాకా పట్టింది.

కళ్ళకన్నా పరికరాన్ని నమ్మేవాళ్ళకు లాక్టోమీటరు ఉండేది. పాలు, నీళ్ళు వేరుచేసే హంస అన్నమాట. పాలు నీటికన్నా సుమారు 3 శాతం బరువు. నీళ్ళు కలిపితే ఆ బరువు తగ్గి హంస కూస్తుంది. మీగడ తీస్తే తేలికైన కొవ్వు పోయి బరువు పెరుగుతుంది. అందుకని తెలివైనవాడు ముందు మీగడ తీసి, తర్వాత నీళ్ళు పోసేవాడు. లెక్క సరిపోయేది, హంస నోరు మూసుకునేది, మీగడ వేరే బేరానికి పోయేది.

బ్రిటన్‌వాళ్ళు ఇంకాస్త లోతుకు వెళ్ళారు. పాలు నిల్వచేసే గదిని పడకగదిగా వాడకూడదనీ, ఆవుల కొట్టంలో పందుల్ని ఉంచకూడదనీ 1885లో ఉత్తర్వు తెచ్చారు. అది అమల్లోకి వచ్చిన రోజు ఎన్ని పాలకొట్లలోంచి ఎన్ని పరుపులు వీధిలోకి వచ్చాయో, వాటి వెనకాలే ఎన్ని పందులు నడిచాయో!