సవరణ: ఆ 30 గ్రాములు వండని పప్పు తూకం

పిల్లల ఆహార సహాయ పథకానికి పోషకాహార మార్గదర్శకాలు ఎలా రాసుకోవాలో చెప్పిన పోస్టులో "ఒక్కో బిడ్డకు పప్పు 30 గ్రాములు, ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు" అన్నాం. అది వండని పప్పు తూకమని చెప్పలేదు. తప్పు మాదే.

ఉడికితే పప్పు నీళ్లు పీల్చుకుని సుమారు రెండున్నర రెట్లు బరువెక్కుతుంది, ప్రొటీన్ మాత్రం పెరగదు. ఉడికిన పప్పునే 30 గ్రాములు తూచి పెడితే బిడ్డకు అందేది 3 గ్రాముల లోపే. పలుచగా చేస్తే ఇంకా తక్కువ. అందుకే సరుకు ఇచ్చేటప్పటి తూకం, వడ్డించే గరిటె కొలత రెండూ రాయాలి. గరిటె కొలతను ఊహించి వేయొద్దు. 100 మందికి 3 కిలోలు వండించి, గిన్నె బరువు తీసేసి మొత్తం తూచి, 100తో భాగించండి. సరిగ్గా అంత పట్టే గరిటెనే వంటగదికి ఇవ్వండి. అడుగున చిక్కగా పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ కలిపి వడ్డించాలి, లేకపోతే ముందు కూర్చున్న పిల్లలకు నీళ్లే పడతాయి.

ఇంకొకటి: 400 కిలోక్యాలరీల భోజనంలో అదనంగా కలిపే చక్కెర పరిమితి "40 గ్రాములు" అని పడింది. 10 గ్రాములు అని ఉండాలి. ఆ పరిమితి భోజనం ఇచ్చే శక్తిలో 10 శాతం, అంటే 40 కిలోక్యాలరీలు; చక్కెర గ్రాముకు 4 చొప్పున 10 గ్రాములు. పాత అంకెతో మెనూ వేసుకున్నవాళ్లు దయచేసి ఇవాళే మార్చండి.