తెలివిని కుంచంతో కొలిచేవారికి ఒక విన్నపం

మా మేనల్లుడికి తెలివిని కొలిచే ఐక్యూ పరీక్షలో 142 వచ్చిందని మా బావ ముందు మా వీధికి, తరువాత పర్లాకిమిడి బజారుకి, చివరికి పాతపట్నం ఆటోల వాళ్ళకి తెలియజేశాడు. గుంటడికి పన్నెండేళ్ళు. చదరంగం పోటీలో ఒక కప్పు కూడా గెలిచాడు. అది టీవీ పక్కన, వెంకటేశ్వరస్వామి పటానికి కాస్త అడ్డంగా ఉంటుంది.

నేను అసూయపడే మనిషిని కాను. కేవలం శాస్త్ర పరిశోధన కోసం, ఇంట్లో అందరూ పడుకున్నాక, దుప్పటి ముసుగేసుకుని అదే పరీక్ష ఫోన్లో రాశాను. నలభై ప్రశ్నలు. త్రిభుజంలో ఒక చుక్క, పక్కదాంట్లో రెండు చుక్కలు, మరి మూడోదాంట్లో ఏముండాలి, ఇలాంటివి. అన్నీ అయ్యాక తెర మీద ఒక చక్రం గిర్రున తిరిగి, నా మేధస్సును లెక్కగడుతున్నట్టు ప్రకటించి, ఫలితం చూడాలంటే 499 రూపాయలు కట్టమంది. కట్టాను. 97 వచ్చింది.

పొద్దున్న మా ఆవిడకి చెప్పాను. "డబ్బు కట్టకుండా పడుకునుంటే నూటయాభై వచ్చేది" అంది.

ఆ మాటకి నేనేమీ బాధపడలేదు. కానీ ఆ కొలత సంగతేమిటో విచారించడం బాధ్యతగల పౌరుడిగా నా విధి అనిపించింది. కుంచాలు, అడ్డలు, మానికల మధ్య పెరిగిన వాళ్ళం. వడ్లు కొలిచే కుంచం ఒక్కో ఊళ్ళో ఒక్కో సైజు ఉండేదట. అందుకని ఎన్ని కుంచాలు అని అడిగే ముందు ఎవరి కుంచం అని అడిగేవారట మా పెద్దలు.

ఈ కుంచం ఫ్రాన్సుది. 1905లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన సిమోన్ అనే సహచరుడితో కలిసి తయారుచేశాడు. బడిలో వెనకబడే పిల్లల్ని ముందే గుర్తించి, వాళ్ళకి విడిగా సాయం చేద్దామని ఉద్దేశం. వెనక బెంచీ వాళ్ళ కోసం కుట్టిన చొక్కాని ముందు బెంచీ వాళ్ళు తొడుక్కుని ఊరేగుతున్నారన్నమాట. విశేషమేమిటంటే, ఇదే బినే 1894లో బల్ల చూడకుండా చదరంగం ఆడేవాళ్ళ మీద కూడా పరిశోధన చేసి పుస్తకం వేశాడు. మా బావ కొలిచే ఇద్దరు దేవుళ్ళకీ పూజారి ఒక్కడే! పొడుగుని కొలిచినట్టు తెలివిని కొలవలేమని ఆ పూజారే హెచ్చరించాడు కూడా. ప్రసాదం అందాక పూజారి మాట ఎవడు వింటాడు?

తరువాత 1912లో స్టెర్న్ అనే జర్మన్ పండితుడు బుర్ర వయసుని ఒంటి వయసుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని వందతో హెచ్చవేశాడు. బుర్ర పదహారేళ్ళ దగ్గర ఎదగడం ఆపేస్తుందని అప్పటి అంచనా. ఆ లెక్కని మక్కీకి మక్కీ వాడితే యాభై ఏళ్ళ మా బావకి 32 వస్తుంది. మా అత్త, అంటే బావ తల్లి, ఈ లెక్క కాగితం లేకుండా ఎప్పుడో తేల్చేసింది. ఇలాంటి చిక్కుల వల్లే కాబోలు, తరువాతి వాళ్ళు భాగహారం మానేసి, సాటి వయసు వాళ్ళ సగటుకి 100 అని పేరుపెట్టారు. కాబట్టి నా 97 సగటుకి మూడే తక్కువ. మా ఇంటి కరెంటు రోజూ అంతకన్నా ఎక్కువ ఊగుతుంది.

టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో మహా మేధావి పిల్లల్ని ఏరడం మొదలెట్టాడు. ఆ జల్లెడలోంచి జారిపోయిన వాళ్ళలో షాక్లీ, అల్వారెజ్ అనే ఇద్దరు పెద్దయ్యాక నోబెల్ బహుమతులు పట్టుకెళ్ళారు. జల్లెడలో నిలిచిన వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఇది చెబితే మా బావ క్షణం ఆలోచించి, "టెర్మన్ దగ్గర మంచి కోచింగ్ లేదురా" అన్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1917 నాటి అమెరికా సైన్యం పరీక్ష. ఇంగ్లీషు చదవలేని వాళ్ళ కోసం బొమ్మలు పెట్టారు. బొమ్మలో ఏది లోపించిందో గీయాలి. టెన్నిస్ కోర్టుకి వల లేదు, గ్రామఫోనుకి గొట్టం లేదు. ఓడ దిగిన ఇటలీ రైతు గ్రామఫోను ముఖం చూసి ఉంటే తెలివైనవాడు, లేకపోతే మొద్దు. మా అమ్మమ్మకి ఆ టెన్నిస్ బొమ్మ చూపిస్తే ఏమంటుందో నాకు తెలుసు. "ఇంత సాపు కళ్ళం అట్టిపెట్టుకుని వరికుప్ప ఏదిరా బావూ?" అంటుంది. సున్నా మార్కులు.

నేను బొమ్మలు కూడా లేకుండానే ఆ పరీక్ష తప్పాను. పాతపట్నం తెలుగు బడిలో మూడో తరగతి దాకా నేనే ఫస్టు. నాన్నకి పర్లాకిమిడిలో పని దొరికి మహేంద్రతనయ ఏరు దాటి ఒరిస్సా వైపు వచ్చాం. నన్ను ఒరియా బడిలో వేశారు. మొదటిరోజు మాస్టారు ఏదో అడిగారు. ముక్క అర్థం కాక, లేచి చేతులు కట్టుకుని "ప్రెజెంట్ సార్" అన్నాను. అడిగింది మా నాన్న ఏం చేస్తాడని అట. ఆ సాయంత్రానికే నేను మొద్దునని ఖాయమైపోయింది. సెలవులకి వెనక్కి వెళ్తే మళ్ళీ తెలివైనవాణ్ణి. ఏటికి అటు పక్క ఉన్న తెలివి ఇటు పక్కకి వచ్చేసరికి ఎక్కడ జారిపోయేదో. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు వెతికితే ఇసకలో ఇప్పటికీ దొరకొచ్చు.

అసలు ఆ పరీక్షల్లో నన్ను ఏడిపించే ప్రశ్న ఒకటుంది. ఈ అయిదింటిలో గుంపుకి చెందనిది ఏది? సరిహద్దు తెలుగువాడికి ఈ ప్రశ్న కాగితం మీద అడగక్కర్లేదు. భువనేశ్వర్ వెళ్తే మేము తెలుగోళ్ళం, విశాఖపట్నం వెళ్తే ఒరియా వాళ్ళం. గీత పడింది 1936 ఏప్రిల్ 1న. ఆ తేదీ నేను కల్పించింది కాదు. ఆ రోజు ఒరిస్సా వేరే ప్రావిన్సుగా పుట్టింది. మా పర్లాకిమిడి అటు పోయింది, దాని జమీందారీలో చాలా ఊళ్ళు మద్రాసు వైపు ఉండిపోయాయి. గీసినవాళ్ళకి ఐక్యూ దండిగా ఉండే ఉంటుంది. పెళ్ళికి పిలవాల్సిన చుట్టాల జాబితా మాత్రం లేదు.

ఆ ప్రశ్నకి సరైన జవాబు రాసినవాళ్ళు కొటియా వాళ్ళు. కొరాపుట్ జిల్లాలో ఆ 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాయి. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఉన్నాయని పేపర్లు రాస్తూనే ఉన్నాయి. 2024లో ఆంధ్రకీ కొరాపుట్‌కీ పోలింగు ఒకే రోజు, మే 13న పడింది. గుంపుకి చెందనిది ఏదని అడిగితే, రెండు గుంపులకీ చెందుతామని కార్డు చూపించే మనిషికి ఎన్ని పాయింట్లు వేయాలో ఏ పుస్తకంలోనూ లేదు.

చదరంగం గురించి నేను ఆచితూచి మాట్లాడాలి, కప్పు ఎదురుగా ఉంది. ఆట గొప్పది. కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి పేర్లు వింటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. తెలుగింటి బిడ్డ గుకేశ్ 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని మా బావ రోజుకోసారి చెబుతాడు. నాలుగో తరగతి తరువాత గుకేశ్ రోజూ బడికి వెళ్ళడం మానేశాడన్న భాగం దగ్గర మాత్రం బావకి దగ్గొస్తుంది.

1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం అచ్చువేశారు. నిజమైన ఆటలోంచి తీసిన బల్లని అయిదు సెకన్లు చూపిస్తే, చేయి తిరిగిన ఆటగాడు పావుల్లో చాలావాటిని మళ్ళీ సరిగ్గా పేర్చాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే, అతనూ మనలాగే రెండు మూడు పెట్టి బుర్ర గోక్కున్నాడు. అంటే అతని దగ్గరున్నది వేల ఆటల పరిచయం. బరంపురం పట్టు నేసేవాడికి అంచు మీద కుంభం ఎక్కడ మొదలవ్వాలో చేతికే తెలిసినట్టు. చెస్ నేర్పితే లెక్కలు వాటంతటవే వస్తాయన్నది ఇంకో నమ్మకం. ఇంగ్లండ్‌లో 100 బడుల్లో అదీ చూశారు. 2016లో వచ్చిన ఆ నివేదికలో లెక్కల మార్కుల్లో తేడా ఏమీ కనపడలేదు. ట్యూషన్ ఫీజు కట్టేశాక ఇలాంటి నివేదికలు చదవకూడదు.

ఒకనాటి ప్రపంచ చదరంగ ఛాంపియన్ కాస్పరోవ్‌కి డెర్ స్పీగెల్ అనే జర్మన్ పత్రిక పరీక్షలు పెట్టిస్తే ఐక్యూ 135 వచ్చింది. మా మేనల్లుడి కన్నా ఏడు తక్కువ! ఈ సంగతి తెలిసిన రోజు మా బావ రెండు వీధులు ఎక్కువ తిరిగాడు. 1997లో ఆ కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ యంత్రానికి, తాను గెలిచానన్న సంగతి కూడా తెలియదు. ఆ ఒక్క విషయంలో అది మా బావ కన్నా చాలా సంస్కారవంతురాలు.

మా ఊళ్ళో ఈ గొడవ పాతదే. 1880లో ఇక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారి రోజుల్లో కుంచం పేరు గ్రాంథికం. అరసున్న పెట్టినవాడు పండితుడు, నోటితో మాట్లాడినట్టు రాసినవాడు పామరుడు. అప్పట్లో ఐక్యూ పరీక్ష ఉంటే కింది వానిలో అసాధు శబ్దమేది అనే మొదటి ప్రశ్న ఉండేది. పంతులుగారు ఆ కుంచం అడుగు ఊడగొట్టారు, కొండల్లోని సవర గిరిజనుల భాష కూడా నేర్చుకున్నారు. ఇప్పటికీ సంతకి దిగే సవర అమ్మ తనవాళ్ళతో సవర, గార్డుతో ఒరియా, చింతపండు షావుకారుతో తెలుగు మాట్లాడుతుంది. షావుకారు తక్కెడ దగ్గర వేలు ఆడిస్తే మూడూ కలిపి వాడుతుంది.

ఈ వాదనంతా కాగితం మీద పెట్టుకుని బావకి వినిపిద్దామని మొన్న బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది. ఖాతాలోంచి 499 రూపాయలు మళ్ళీ తగ్గాయని బ్యాంకు మెసేజ్. నేను కట్టింది ఒకసారికి కాదట, నెలనెలకట. ఆ సంగతి కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసుందట.

బావకి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తన ఫోన్ తెచ్చి నా పక్కన కూర్చుని, ఒక్కొక్కటే పైకి జరిపాడు. నాలుగు మెసేజులు, నాలుగు నెలలవి.

"ఏటైంది నాన్నా?" అన్నాడు గుంటడు, బల్ల మీంచి తలెత్తకుండానే.

"ఏటీ లేదు, నువ్వు ఆడుకో" అన్నాం ఇద్దరం ఒకేసారి.