సవరణ: జనరేటర్ కెపాసిటీ, దాన్ని పెట్టే చోటు

చిన్న ఇంటికి పోర్టబుల్ జనరేటర్ ఎంచుకోవడంపై రాసిన కిందటి పోస్టులో "వాడే వస్తువుల వాట్లన్నీ కూడి, అంత కెపాసిటీ ఉన్నది తీసుకోండి" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదువుకోండి: ఆ మొత్తానికి, స్టార్టింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ లాగే మోటారుకు కావలసిన అదనపు వాట్లు కూడా కలపాలి.

ఫ్రిజ్‌నే చూడండి. నడుస్తున్నప్పుడు 150 వాట్లే తీసుకున్నా, కంప్రెసర్ అందుకునే ఆ ఒక్క క్షణం దానికి కొన్ని రెట్లు లాగుతుంది. జనరేటర్ శబ్దం ఒక్కసారిగా బరువెక్కుతుంది, లైట్లు మసకబారతాయి. తట్టుకోలేకపోతే ట్రిప్ అవుతుంది. నీళ్ల మోటారు సంగతీ అంతే.

జనరేటర్ కెపాసిటీని కేవీఏ (కిలోవోల్ట్-ఆంపియర్)లో రాసి ఉంటే, అది వాట్ల లెక్క కాదు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో వాట్లుగా వాడుకోగలిగే వంతు) 0.8 అయితే 2 కేవీఏ అంటే 1600 వాట్లే.

ఆ పోస్టులోనే జనరేటర్‌ను "గాలి ఆడేచోట పెట్టండి" అన్న మాట అస్సలు సరిపోదు. వరండా వద్దు, తలుపులు తీసిన గ్యారేజీ కూడా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం తలుపులూ కిటికీల వైపు లేకుండా పెట్టాలి. అంత జాగా లేని ఇంటికి నేనైతే బ్యాటరీ ఇన్వర్టరే తీసుకోమంటాను.

గోడ సాకెట్‌లోకి వైరు గుచ్చి ఇంటికి సప్లై ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ కరెంటు బయటి లైన్‌లోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేస్తున్న మనిషిని చంపగలదు. ఎలక్ట్రీషియన్ చేత ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని ఒకసారికి బయటి లైన్‌కో, జనరేటర్‌కో మాత్రమే కలిపేది) పెట్టించుకోండి.