మన మరుపు మనకు తెలుస్తుంటే అల్జీమర్స్ లేనట్టేనా?

అరవై దాటినవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న సందేశం ఒకటుంది. ఫ్రాన్స్‌లో పేరున్న న్యూరాలజీ ప్రొఫెసర్ చెప్పారంటూ మొదలవుతుంది. పేర్లు గుర్తు రాకపోవడం వయసు ప్రభావమే అంటుంది. తన మరుపు తనకు తెలుస్తున్న మనిషికి అల్జీమర్స్ ఉండదని తేల్చేస్తుంది. చివర మూడు చిక్కుప్రశ్నలు: ఇంగ్లిష్ ‘ఓ’ల గుంపులో ‘సీ’ని, తొమ్మిదుల్లో ఆరుని, ‘ఎమ్’లలో ‘ఎన్’ని పట్టుకోవాలి. మూడూ దొరికితే ఈ ఏడాది న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళక్కర్లేదట. ధైర్యం చెప్పాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇది నమ్మి డాక్టరుకు చూపించుకోవడం వాయిదా వేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

“పేర్లు మరవడం వయసు వల్లే.” ఇది చాలావరకు నిజం. ఎదురైన మనిషి ముఖం ముందు గుర్తుపడతాం, తర్వాత ఆయనెవరో తెలుస్తుంది, పేరు ఆఖరున వస్తుంది. అందుకే “బ్యాంకులో చేసి రిటైరయ్యారు, వాళ్ళమ్మాయి బెంగళూరులో ఉంటుంది” అని వివరాలన్నీ చెప్పగలిగి కూడా పేరు దగ్గర ఆగిపోతాం. పేరు తట్టి, మనిషెవరో తట్టకపోవడం చాలా అరుదు. వృత్తికీ ఊరికీ మనసులో పది సంగతులతో ముడి ఉంటుంది, పేరుకు ఒక్కదానితోనే. బ్రిటన్‌లో 1987లో వచ్చిన ఒక అధ్యయనంలో ‘బేకర్’ లాంటి ఒకే మాటను ఇంటిపేరుగా చెబితే ఎక్కువగా మరిచారు, వృత్తిగా చెబితే బాగా గుర్తుపెట్టుకున్నారు.

అరుదుగా వాడే మాటలదీ ఇదే కథ. 1966లో హార్వర్డ్‌లో బ్రౌన్, మెక్‌నీల్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, మాట చెప్పమన్నారు. నాలుక మీదే ఉంది, రావట్లేదు అన్నవాళ్ళు చాలాసార్లు మొదటి అక్షరమేదో సరిగ్గా చెప్పారు. అర్థం భద్రంగానే ఉంటుంది. వాడక తగ్గి, అర్థం నుంచి శబ్దానికి వెళ్ళే దారి పలచబడుతుంది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు మామూలు మాటల్లో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. జీవితమంతా ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుగు మాట తట్టక ఇంగ్లిష్ మాట ముందుకొస్తే అది జబ్బు కాదు.

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్ళు “ఆయనేనండీ, తెల్లచొక్కా వేసుకుంటారు” అని వర్ణిస్తే లాభం లేదు, ఆ వివరాలు ఆయనకూ తెలుసు. మొదటి అక్షరం అందించండి. ఒక్కరే ఉంటే గుణింతం చదువుకోండి: క, కా, కి, కీ... పేరులోని మొదటి శబ్దం తగిలితే మిగతాది ఊడిపడే అవకాశం బాగా పెరుగుతుంది. పది సెకన్లలో రాకపోతే పట్టు వదిలి, అడిగో వెతికో తెలుసుకుని, రెండు మూడుసార్లు పైకి అనండి. ఎక్కువసేపు గింజుకుంటే మళ్ళీ అదే మాట దగ్గర చిక్కుకుపోతారని కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో చూపించారు. తప్పుదారి కూడా అలవాటవుతుందన్నమాట.

“మరుపు తనకు తెలుస్తుంటే అల్జీమర్స్ కాదు.” ఇది తప్పు, ప్రమాదకరమైన తప్పు. ఈ జబ్బుతో వైద్యచరిత్రకెక్కిన మొట్టమొదటి మనిషే దీనికి జవాబు. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగస్టె డేటర్‌కు అప్పటికి 51 ఏళ్ళు. డాక్టర్ అలోయిస్ అల్జీమర్ పేరడిగితే “ఆగస్టె” అంది. ఇంటిపేరడిగినా “ఆగస్టె”, భర్త పేరడిగినా “ఆగస్టె అనుకుంటా”. పేరు రాయమంటే రాయలేక, నన్ను నేను పోగొట్టుకున్నాను అంది. అంత ముదిరిన దశలోనూ ఏదో పోయిందన్న ఎరుక ఆమెకుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ 1994 నవంబరు 5న తనకు అల్జీమర్స్ ఉందని స్వదస్తూరితో ప్రజలకు లేఖ రాశారు.

తన లోపం తనకు తెలియకపోవడమన్నది ఉంది, కాదనడం లేదు. కొందరిలో మొదటినుంచీ కనిపిస్తుంది, చాలామందిలో జబ్బు ముదిరేకొద్దీ పెరుగుతుంది. తొలిదశలో చాలామందికి తేడా తెలుస్తూనే ఉంటుంది. పైగా మాట వెతుక్కోవడమే మొదటి లక్షణంగా మొదలై, క్రమంగా మాటను తినేసే జబ్బుల్లో ఒక రకం ఉంది. అందులో మెదడులో కనిపించేవి ఎక్కువమందికి అల్జీమర్స్ మార్పులే. ఆ రోగులకు తమ ఇబ్బంది బాగా తెలుసు, దాంతో నలిగిపోతారు కూడా. అలాంటి మనిషికి ఈ సందేశం పంపి, నీకేం లేదు పొమ్మనడం అన్యాయం. జ్ఞాపకం తగ్గుతోందని తామే చెప్పేవాళ్ళలో ఎక్కువమందికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) రాదు. అయితే అలా అనిపించనివాళ్ళకంటే ముప్పు వాళ్ళకే కొంత ఎక్కువ.

చూడాల్సింది ఎరుక కాదు, సాయం అందించాక ఏమవుతుందన్నది. మొదటి అక్షరం చెప్పగానే “ఆఁ, అదే!” అంటే మాట లోపలే ఉంది. నిన్న వచ్చిన చుట్టాల గురించి ఎంత గుర్తుచేసినా “ఎవరూ రాలేదే” అంటే అది వేరే సంగతి. చేతిలో పటకారు పెట్టి పేరు చెప్పాక కూడా “పటకారంటే ఏంటి?” అని అడిగితే అర్థమే జారిపోతోందని లెక్క, ఆలస్యం చేయకండి.

“అక్షరం దొరికితే మెదడు భేషుగ్గా ఉన్నట్టే.” ఆ చిక్కుప్రశ్నలు కొలిచేది చూపునూ ఏకాగ్రతనూ. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త సంగతుల్ని దాచుకునే శక్తిని, ఆ ప్రశ్నల్లో ఒక్కటీ దాన్ని తాకదు. ఇంగ్లిష్ అక్షరాలు అలవాటులేని పెద్దావిడ ‘ఎన్’ని పట్టుకోలేకపోతే ఆవిడకు అనవసరంగా గుబులు పుట్టించినవాళ్ళమవుతాం. అసలు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. జ్ఞాపకాన్నీ ఆలోచననూ మాటనూ కొలిచే ఏసీఈ అనే పరీక్షను తెలుగులోకి కూడా తెచ్చారు, దానికి 100 మార్కులు. ఒక పేరు, చిరునామా మూడుసార్లు చెప్పించి, మధ్యలో వేరే పనులు పెట్టి, తర్వాత మళ్ళీ అడుగుతారు. బొమ్మలకు పేర్లు చెప్పాలి, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తాయో లెక్కపెడతారు. వచ్చిన మార్కుల్ని చదువుతో కలిపి బేరీజు వేస్తారు.

“ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు.” వెళ్ళాలి, ఎందుకంటే సరిచేయగల కారణాలు చాలానే ఉన్నాయి. బి12 తగ్గడం (ఏళ్ళుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, లేదా గ్యాస్ మాత్రలు వాడేవాళ్ళు ముఖ్యంగా చూపించుకోవాలి), థైరాయిడ్ మందగించడం, డిప్రెషన్, గురకతో పాడయ్యే నిద్ర, వినికిడి లోపం. మైగ్రేన్‌కు ఇచ్చే టోపిరమేట్ మాటలు తట్టకుండా చేస్తుందన్నది బాగా తెలిసిన సంగతి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆపుకోలేనివాళ్ళకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, నిద్రకు వేసుకునే అల్‌ప్రజొలామ్ జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. అలాగని సొంతంగా ఆపేయకండి, అల్‌ప్రజొలామ్ ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఆర్నెల్లుగా ఏం మారిందో దగ్గరుండి చూసినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

మాట ఒక్కసారిగా పడిపోతే, అర్థంలేని మాటలు వస్తుంటే, మూతి వంకరపోతే, చెయ్యి వాలిపోతే అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, కాసేపటికి సర్దుకున్నా సరే. రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో చూసి పెట్టుకోండి, ఎమర్జెన్సీలో ముందు అడిగేవాటిలో అదొకటి.