పీకేస్తే ఇలా పీకేయాలి

అమెరికాలో మనవాళ్లు పిల్లల్ని ఇంకా కంప్యూటర్ సైన్సే చదివిస్తున్నారు. ముందుచూపు లేకపోవడమంటే ఇదే. ఈ దేశంలో నాలుగు తరాలు కూర్చుని తినాలంటే కాలేజీ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా రకం) కోచ్ కావాలి. అయితే సరిపోదు, ఓడిపోవాలి కూడా.

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎంఎస్ చేసినవాణ్ణి కాబట్టి ఈ మాట సాధికారికంగా చెబుతున్నాను. కాలేజ్ స్టేషన్ అనే చిన్న ఊళ్లో మా స్టేడియం ఉంది. 1,02,733 మంది పడతారు. కానీ మ్యాచ్ అయ్యేదాకా విద్యార్థులెవరూ కూర్చోరు. 1922లో ఆటగాళ్లు వరసగా దెబ్బలు తగిలి తగ్గిపోతుంటే, గిల్ అనే కుర్రాడు కోచ్ పిలిచాడని ప్రేక్షకుల్లోంచి దిగొచ్చి, డ్రెస్సేసుకుని, చివరిదాకా గీత పక్కన నిలబడ్డాడట. ఆడే అవసరమే రాలేదు. ఆయన గౌరవార్థం వందేళ్లుగా అందరం నిలబడుతున్నాం. తిరుమలలో నిలబడితే ఎప్పటికైనా దర్శనమవుతుంది. మాకు జాతీయ టైటిల్ దర్శనం ఆఖరిసారి అయింది 1939లో.

ఈ కరువు తీర్చడానికే 2017 డిసెంబరులో కోచ్‌గా జింబో ఫిషర్‌ని తెచ్చారు. పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ. వచ్చిన కొత్తలో ఆయనకి ఛాన్సలర్ గారు ఛాంపియన్‌షిప్ ఫలకం బహూకరించారు. ఏ సంవత్సరంలో గెలిచామో అది మాత్రం ‘20’ అని వేసి మిగతాది ఖాళీగా వదిలేశారు. పెళ్లికొడుకు పేరు దగ్గర ఖాళీ పెట్టి శుభలేఖలు పంచడమన్నమాట.

ఖాళీ నిండేలాగే కనిపించింది మొదట్లో. 2020లో 9 గెలిచి ఒక్కటే ఓడాం. ఆ ఆనందంలో మరుసటేడు ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించారు. అదే అక్టోబరులో నంబర్ వన్ అలబామాని 41-38తో కొట్టాం కూడా. 2022లో అపలేచియన్ స్టేట్ అనే చిన్న జట్టుకి 15 లక్షల డాలర్లిచ్చి, వచ్చి మాతో ఆడి వెళ్లమన్నాం. వచ్చారు, 17-14తో మమ్మల్ని ఓడించారు, చెక్కు తీసుకెళ్లారు. ఎదురు డబ్బిచ్చి తన్నులు తినడం మాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

2023 నవంబరులో జింబోని పీకేశారు. పీకేసినందుకు ఆయనకివ్వాల్సింది (దీన్నే బైఅవుట్ అంటారు) సుమారు 7.6 కోట్ల డాలర్లు, మన లెక్కలో 600 కోట్ల రూపాయల పైమాట. అందులో 1.9 కోట్ల పైచిలుకు 60 రోజుల్లోపు చేతిలో పెట్టాలి.

60 రోజులు! హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే అమెరికా ప్రభుత్వం ఇచ్చే గడువూ అదే. ఆయనకి డబ్బు ముట్టజెప్పడానికి, మనకి మూటాముల్లె సర్దుకోవడానికి. ఆ ఏడాదే నన్నూ ఓ కంపెనీ తీసేసింది. లాప్‌టాప్ వెనక్కి పంపమని ఇంటికి ఖాళీ అట్టపెట్టె వచ్చింది. అందులో చార్జర్ పెట్టడం మర్చిపోయానని మూడు మెయిళ్లొచ్చాయి.

గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేస్తే జింబో సంగతి చెప్పాను.

“ఏం తప్పు చేశాడ్రా?”

“ఓడిపోయాడు నాన్నా.”

“మరి డబ్బులెందుకిచ్చార్రా?”

“ఇంకా ఓడిపోకుండా వెళ్లిపొమ్మని.”

కాసేపు మాట్లాడలేదు. “నువ్వు చేరేటప్పుడు ఆ ముక్క కాగితం మీద రాయించుకోలేకపోయావా?” అన్నారు.

తర్వాత కోచ్‌గా మైక్ ఎల్కో వచ్చారు. ఆరంభశూరత్వం ఆంధ్రుల ఆస్తి అనుకునేవాణ్ణి, టెక్సాస్‌లోనూ పండుతుందని తేలింది. 2024లో తొలి ఎనిమిదింట్లో ఏడు గెలిచి, ఆఖరికి 8 గెలుపులు, 5 ఓటములతో తేలాం. 2025లో వరసగా 11 గెలిచాం. సౌత్ కరోలినా మీద సగం ఆటకి 3-30తో వెనకబడి కూడా 31-30తో గెలిచాం. ఇంతలో పక్కింటి దాయాదులైన లాంగ్‌హార్న్స్ (టెక్సాస్ యూనివర్సిటీ జట్టు) చేతిలో ఓటమి. డిసెంబరులో జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్ తొలి మ్యాచ్‌లోనే, మా గడ్డ మీదే, మయామీ చేతిలో 10-3. అదే ఏడు బెంగళూరువాళ్లు కూడా ఐపీఎల్ కప్పు కొట్టేశారు. ఇక మాకు తోడెవరూ లేరు.

స్టేడియం ఉత్తరం వైపు బయట సమాధులున్నాయి. మా జట్టుకి చిహ్నాలుగా, అంటే మస్కట్లుగా, పనిచేసి పోయిన కుక్కలవి. వాటికి స్కోరు కనపడాలని అక్కడ ప్రత్యేకంగా ఓ చిన్న బోర్డు పెట్టారు. చచ్చినా విముక్తి లేని ఉద్యోగం, అదీ బైఅవుట్ లేకుండా.

వచ్చే సెప్టెంబరుకి టికెట్ కొనేశాను. దాని మీద సీటు నంబరు స్పష్టంగా వేశారు.