సైబీరియా ఆవిడ

మా అత్తయ్య, మామయ్య సంక్రాంతి దాటాక తెనాలి నుంచి మా దగ్గరికి, కొరియాలోని సువాన్‌కి వచ్చారు. మామయ్య రిటైరైన సోషల్ మాస్టారు. ఆరోజు బయట మైనస్ 14. లోపల నేల కింద వేడినీళ్ళ గొట్టాలు నడుస్తున్నాయి కాబట్టి అత్తయ్య సోఫా వదిలేసి నేలమీదే కాపురం పెట్టారు. భోజనాల దగ్గర మొదలైంది.

మామయ్య: పప్పులో ఉప్పేదీ?

అత్తయ్య: వెయ్యలేదు.

మామయ్య: ఆవకాయ సీసా?

అత్తయ్య: దాచాను.

మామయ్య: నా మంకీ క్యాప్ కూడా కనపడట్లేదు పొద్దుట్నుంచి. అదీ దాచావా?

అత్తయ్య: దాని సంగతి నాకేం తెలుసు. ముందు మీ సంగతి తేలనివ్వండి. అంత ప్రెషర్ పెట్టుకుని, కట్టుకున్నదానికి చెప్పకుండా తెనాలిలో ఉన్న స్నేహితుడికి చెప్పుకుంటారా?

మామయ్య: ఏం చెప్పాను?

అత్తయ్య: "హై ప్రెషర్‌రా, 1050 దాటింది, ఇంకో రెండ్రోజులు దిగేట్టు లేదు" అన్నారా, లేదా? వంటింట్లో కుక్కర్ కూస్తున్నా వినపడింది నాకు.

మామయ్య: ఓసినీ! అది నాది కాదే. సైబీరియాది!

అత్తయ్య: ఎవరావిడ?

నేను గిన్నె కిందపెట్టి మామయ్య మొహం చూశాను. ముప్పై ఏళ్ళు గోడకి ప్రపంచపటం తగిలించి బెత్తంతో చూపించిన మనిషి.

మామయ్య: ఆవిడేంటి? అదో ప్రాంతం. రష్యాలో ఉంది.

అత్తయ్య: రష్యా ఆవిడా! మీకెలా పరిచయం?

మామయ్య: మనిషి కాదంటుంటే! చలికాలంలో అక్కడి గాలికి పీడనం పెరుగుతుంది. అధిక పీడనం.

అత్తయ్య: పీడిస్తోందన్నమాట. సరే, పాపం, ఎందుకొచ్చింది ఆవిడకి?

మామయ్య: చలి. నేలంతా మంచు. ఉత్తరానికి పోయేకొద్దీ పగలన్నదే సరిగా ఉండదు. ఉన్న కాస్త ఎండనీ ఆ తెల్లటి మంచు తిప్పి కొట్టేస్తుంది. నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి అక్కడే కూలబడుతుంది. దక్షిణాన చూస్తే ఆల్తాయ్ కొండలు, ఆ కింద టిబెట్, హిమాలయాలు. పోదామంటే దారి లేదు. రోజురోజుకీ పేరుకుంటుంది.

అత్తయ్య: అంటే ఎండ పొడ తగలనివ్వదు, గోడకానుకుని కూర్చుంటుంది, కాలు కదపదు, రోజురోజుకీ బరువెక్కుతుంది. ప్రెషర్ రాక ఏమొస్తుందండీ? డాక్టరుగారు మీకు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఇదేగా.

మామయ్య: (నా వైపు తిరిగి) అమ్మాయ్, మీ అత్తయ్యకి నువ్వు చెప్పు.

నేను చెప్పలేదు. అత్తయ్య చెప్పిన కారణం మామయ్య చెప్పినదానికంటే తేలిగ్గా అర్థమవుతోంది మరి.

అత్తయ్య: మనిషి భారీగా ఉంటుందా?

మామయ్య: బైకాల్ సరస్సు దగ్గర్నుంచి మంగోలియా అంతా పరుచుకుంటుంది. ఎత్తు మాత్రం తక్కువ. రెండు మూడు కిలోమీటర్లు పైకి పోతే దాని జాడే ఉండదు.

అత్తయ్య: పొట్టిగా, లావుగా అన్నమాట.

మామయ్య ఆవిడకేసి ఉండాల్సినదానికంటే ఒక్క క్షణం ఎక్కువ చూశారు.

అత్తయ్య: ఏంటా చూపు?

మామయ్య: ఏం లేదు. ఎక్కడో చూసినట్టుంటేనూ.

అత్తయ్య: చారులో ఉప్పు ఇంకా వెయ్యలేదు. ఆలోచించుకుని మాట్లాడండి.

మామయ్య ఆలోచించుకుని, పప్పన్నం రెండు ముద్దలు మాట్లాడకుండా తిన్నారు. మూడో ముద్దకి మళ్ళీ ఆయనలోని మాస్టారు లేచారు.

మామయ్య: అసలు సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సగటున ఎంతుంటుందో తెలుసా? 1013. హెక్టోపాస్కల్స్. అలాంటిది అక్కడ 1050!

అత్తయ్య: ఉండండుండండి. 1013 ఉండాల్సింది 1050. అంటే 37 ఎక్కువ. మీకు 120 ఉండాల్సింది మొన్న బయల్దేరే ముందు 160. అంటే 40 ఎక్కువ. ఆవిడకంటే మీరే ముందున్నారు కదండీ!

మామయ్య: దానికీ దీనికీ లెక్కేంటే?

అత్తయ్య: తీసివేతేగా. మీరు భూగోళం చెప్పారు, మా నాన్న లెక్కలు చెప్పాడు.

మామయ్య: ఇదేం చూశావ్. 1968 డిసెంబర్ 31న, అదే సైబీరియాలో అగాతా అనే చోట 1083.8 వచ్చింది. 750 మీటర్లకంటే తక్కువ ఎత్తున్న చోట్లలో రికార్డు అది!

అత్తయ్య: కొత్త సంవత్సరం ముందురోజు. ఇంట్లో ఎవరో ఏదో అనుంటారు.

ఇంతలో గోడకున్న స్పీకర్లోంచి అపార్ట్‌మెంటు వాళ్ళ ప్రకటన మొదలైంది. ఇక్కడ చలి ముదిరితే ఇది మామూలే. ఫోన్లు కుయ్యోమంటాయి, గోడలు మాట్లాడతాయి.

అత్తయ్య: ఏమంటున్నాడే?

నేను: చలి ఎక్కువగా ఉంది కాబట్టి బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెయ్యొద్దంటున్నారత్తయ్యా. నీళ్ళు పోయే గొట్టం గడ్డకట్టిందంటే పైవాళ్ళు వదిలిన నీళ్ళు కింది ఇళ్ళల్లోకి పొంగుతాయట.

అత్తయ్య: ఎన్నాళ్ళు?

నేను: చలి తగ్గేదాకా.

అత్తయ్య మొహంలో ఎందుకో పెద్ద నిశ్చింత కనిపించింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

అత్తయ్య: విన్నారా? ఎక్కడో ఉన్న ఆవిడకి ప్రెషరొస్తే ఇక్కడ ఊరంతా బట్టలుతుక్కోవడం మానేసింది. మీ ప్రెషర్‌కి మీరు ఉప్పు మానలేరూ?

దీనికి మామయ్య దగ్గర జవాబు లేదు. మజ్జిగ తాగారు. అందులోనూ ఉప్పు లేదు.

అత్తయ్య: అయినా నాకు తెలీకడుగుతా, ఆవిడ అంత దూరాన కూర్చుంటే మనకెందుకు చలి?

మామయ్య: (అడిగిందే చాలన్నట్టు) గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు పోతుంది. పడమర ఇదుంది. తూర్పున, అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల దగ్గర అల్పపీడనం. అక్కడ హెచ్చు, ఇక్కడ తగ్గు. మధ్యలో కొరియా.

అత్తయ్య: అదా! మీ అమ్మగారు హెచ్చు, మీ నాన్నగారు తగ్గు, మధ్యలో నేను. ఏడేళ్ళు చేశాను ఆ కాపురం. ఇన్ని మాటలెందుకు, మొదటే అలా చెప్తే అర్థమయ్యేది.

మామయ్య: మా అమ్మనెందుకు లాగుతావ్?

అత్తయ్య: గాలి ఎటు పోతే అటు పోయాను.

మామయ్య: ఆ గాలి తిన్నగా కూడా రాదు. సవ్యదిశలో తిరుగుతూ బయటికొస్తుంది. అందుకే మనకి వాయవ్యం నుంచి కొడుతోంది.

అత్తయ్య: కాలు కదపదన్నారు, మళ్ళీ తిరగడమేంటి?

మామయ్య: తను ఉన్నచోటే ఉంటుంది. చుట్టూ గాలిని తిప్పుతుంది.

అత్తయ్య: కుర్చీలోంచి లేవకుండా ఇంటిల్లిపాదినీ తిప్పడం! నాకు ముందే అనుమానమొచ్చింది, మీ చుట్టాలావిడే.

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యకి నిజంగానే అర్థం కావట్లేదో, అర్థమయ్యీ వదలట్లేదో ఇప్పటికీ చెప్పలేను. అడిగితే "ఆవిడ గురించి మీ మామయ్యనే అడుగు" అంటారు.

తిరిగొచ్చేసరికి గొడవ మంచు మీదికి మళ్ళింది.

అత్తయ్య: మంచు చూపిస్తానని విమానమెక్కించారు. ఏదీ? ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. పెదాలు పగలడం తప్ప నేను చూసిందేం లేదు.

మామయ్య: పొడిగాలే అది, మంచెక్కణ్ణుంచి తెస్తుంది? అదే గాలి పసుపు సముద్రం మీదుగా పోయిందనుకో, ఆ నీళ్ళు దానికంటే వెచ్చగా ఉంటాయి కాబట్టి తేమ పీల్చుకుని అవతల, కొరియా నైరుతి మూలనున్న మొక్పో, గ్వాంగ్జూల మీద మంచు కురిపిస్తుంది. మనకి ఉత్త చలే.

అత్తయ్య: ఎవరింట్లో కాఫీ తాగితే వాళ్ళకే కబుర్లు. మనింటికి ఉత్తచేతుల్తో వస్తుంది. మరి మన తెనాలికి రాదేం?

మామయ్య: చెప్పానుగా, హిమాలయాలు అడ్డం. మన దగ్గర చలంటే ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి, రాత్రిపూట మబ్బులేని ఆకాశం. ఇదొచ్చి మీద పడితే మనవాళ్ళు తట్టుకోగలరా?

అత్తయ్య: అడ్డం నిలబడేవాళ్ళుంటే తట్టుకునే పనేముంది. సరే, ఎప్పుడు తగ్గుతుందట?

మామయ్య: ఎల్లుండి. ఇక్కడివాళ్ళకి ఓ మాటుంది, 'సంహన్‌సాఓన్' అని. మూడు రోజులు చలి, నాలుగు రోజులు వెచ్చన. ఆ పెద్దదాంట్లోంచి ఓ ముక్క ఊడి ఇటు జారుతుంది, మూడు రోజులు కొడుతుంది. అది మనల్ని దాటి తూర్పుకి పోయాక గాలి దక్షిణం నుంచి వీస్తుంది. లెక్కప్రకారం ప్రతిసారీ జరగదనుకో.

అత్తయ్య: మూడ్రోజులు అలిగి నాలుగు రోజులు మాట్లాడుతుందన్నమాట. నయమే. మీరు అలిగితే పక్షం.

మామయ్య: నేనా? కిందటి దీపావళికి మాట్లాడ్డం మానేసిందెవరు?

అత్తయ్య: అది అలక కాదు. గొంతు పోయింది.

మామయ్య: పదకొండు రోజులా?

అత్తయ్య: లెక్కపెట్టుకున్నారా?

మామయ్య మంచినీళ్ళు తాగారు. ఎక్కువసేపే తాగారు.

అత్తయ్య: (గొంతు తగ్గించి) అయినా పొద్దున్నే నిద్రలేచి ఆవిడ ప్రెషర్ చూడ్డమెందుకు మీకు?

మామయ్య: ఎందుకేంటి. నీ మోకాళ్ళు ఈ చలికి పట్టేస్తున్నాయిగా. దిగిన రోజు చూసి ఆ మొక్పో వైపు తీసుకెళ్దామని. నువ్వొచ్చాక మంచు అడగని రోజుందా?

అత్తయ్య ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, చారు గిన్నెలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చారు. మరీ చిటికెడు. మామయ్య రుచి చూసి, ఇంకొంచెం అడుగుదామని నోరు తెరిచి, మూసేశారు.

రాత్రి వాళ్ళ గదిలోంచి మాటలు వినిపించాయి.

"ఎంతుంది ఆవిడకి?"

"1046. దిగుతోంది."

"మీరు మాత్ర వేసుకున్నారా?"

"..."

"ఏవండీ."

"వేసుకుంటున్నానే బాబూ."

"ఆవిడక్కూడా ఎవరైనా ఓ మాత్ర ఇస్తే బావుణ్ణు. ఈ వయసులో ఒక్కత్తీ ఆ మంచులో."

"మనిషి కాదని పొద్దుట్నుంచీ..."

"పడుకోండి. మళ్ళీ పెరుగుతుంది."

రెండ్రోజులకి 1050 కాస్తా 1034 అయింది, గోడ మాట్లాడ్డం మానేసింది. మూణ్ణాలుగు రోజుల బట్టలు పోగుపడ్డాయి కదాని బాల్కనీలోకి వెళ్ళి వాషింగ్ మెషిన్ మూత తీశాను. లోపల ఆవకాయ సీసా. నూనె పేరుకోకుండా దానికి మామయ్య మంకీ క్యాప్ తొడిగి ఉంది.

మూతలో సందు కనిపిస్తే తీసి చూశాను. సీసా సగానికి దిగింది. లోపల చెంచా ఉంది. మామయ్య టానిక్ కోసం తెనాలి నుంచి తెచ్చుకున్న చిన్న స్టీలు చెంచా.

మూత బిగించి, టోపీ మళ్ళీ తొడిగాను. బట్టలు స్నానాలగదిలో చేత్తోనే ఉతికాను.