మిర్చి కాడ ఎవలన్న ఊదుతరా?

నిన్న మధ్యాహ్నం జరిగింది. కళ్ళు ఇంకా పూర్తిగా దారికి రాలేదు, అక్షర దోషాలుంటే సర్దుకోండి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ పక్కన రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి సేటు గోదాము ఉంది. మొన్నటి ఉరుముల వానకు అక్కడి సర్వర్లో నెట్‌వర్క్ పోర్టు కాలిపోయింది. కాంటా దగ్గరి కంప్యూటరుకూ, లోపల గుమస్తా కంప్యూటరుకూ దిక్కు ఆ సర్వరే కాబట్టి తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీలు రావడం ఆగిపోయింది. కొత్త నెట్‌వర్క్ కార్డు బిగించి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, వేసి రావాలి. ఐదు నిమిషాల పని. ఈ మాట అన్నది నేను కాదు, సేటు గారి అల్లుడు.

అల్లుడు గారిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కార్డు కూడా తనే ఆన్‌లైన్లో తెప్పించాడు. 2.5 గిగాబిట్ కార్డు. ఎందుకయ్యా అంటే "ఫ్యూచర్ ప్రూఫ్ అన్నా" అన్నాడు. గోదాములో మేకుకు వేలాడుతున్న స్విచ్చేమో 100 మెగాబిట్‌ది. మట్టెవాడ సందుకు ఎనిమిది లేన్ల రోడ్డు తెచ్చి కలిపినట్టు. నేనేమీ అనలేదు. డబ్బులిచ్చేది మామ, ఆర్డర్లిచ్చేది అల్లుడు, మధ్యలో మనకెందుకు.

సర్వరు ఉన్న గది గురించి ఒక్క మాట చెప్పాలి. గోడకు అవతల కోల్డ్ స్టోరేజీ. అందులో మిర్చి బస్తాలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు చల్లగా పడుకుంటాయి. గోడకు ఇవతల సర్వరుకు ఒక టేబుల్ ఫ్యాను. అదీ మనుషులెవరైనా వస్తే వాళ్ళ వైపు తిప్పుతారు.

కార్డు బిగించాను. ఆన్ చేశాను. అల్లుడు గారు నా ఫోన్లో వీడియో కాల్‌లో ఉండి పర్యవేక్షిస్తున్నారు. నెట్‌వర్క్ దారులు చూపించే 'ఐపీ లింక్' కమాండు కొడితే 'లో' ఒక్కటే కనిపించింది. 'లో' అంటే సర్వరు తనతో తాను మాట్లాడుకునే దారి. బయటి ప్రపంచంతో దానికి సంబంధం లేదు. కొత్త కార్డు జాడ లేదు.

బుద్ధున్నవాడు ఇక్కడ 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొడతాడు. ఇంగ్లిష్‌లో ఐదంటే ఐదు అక్షరాలు. కార్డు స్లాట్‌లో సరిగ్గానే కూర్చుంది, డ్రైవరే లేదు అని అది అక్కడికక్కడే చెప్పేది. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఆ ఐదక్షరాలు తెలియక కాదు. కానీ ఎదురుగా అల్లుడు "లూజ్ కాంటాక్ట్ ఏమో అన్నా, ఒకసారి తీసి పెట్టండి" అంటుంటే చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. సర్వరు ఆపేసి డబ్బా మళ్ళీ తెరిచాను.

స్లాట్ నిండా ఎర్రటి దుమ్ము. ఎర్రమట్టి అనుకున్నాను. ఎందుకనుకున్నానో అడగకండి. గోదాములో ఉన్నదంతా మిర్చి, గోడకవతల మిర్చి, నేను చెప్పులు విడిచింది మిర్చి తొడిమల కుప్ప మీద. అయినా ఎర్రమట్టి అనే అనుకున్నాను.

మా తరానికి ఒక జబ్బుంది. చిన్నప్పుడు టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ ఉండేది. క్యాసెట్ పనిచేయకపోతే తీసి, కింద బంగారు రంగు పళ్ళ దగ్గర మౌతార్గాన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఉఫ్ ఉఫ్ మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. పనిచేసేది. ఊదినందుకు పనిచేసిందా, తీసి పెట్టినందుకు పనిచేసిందా అని ఎవరూ పరీక్ష పెట్టలేదు. అప్పటి నుంచి స్లాట్ అనేది ఏది కనిపించినా మా మూతి దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది.

డబ్బాలో తల పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, ఊదాను.

వెనక టేబుల్ ఫ్యాను. అది నా వైపే తిప్పి ఉంది, మర్యాదకు. నేను ఊదిన గాలికి లేచిన దుమ్మును ఆ ఫ్యాను తిరిగి డబ్బాలోకి, అంటే నా మొహంలోకి, శ్రద్ధగా తోసింది.

సరిగ్గా అప్పుడే గుమస్తా చెక్కులు సంచిలో పెట్టుకుని బ్యాంకుకు బయల్దేరుతున్నాడు. నాకు మొదటి తుమ్ము వచ్చింది. ఒంటి తుమ్ము అపశకునం కదా, ఆయన కూర్చున్నాడు. రెండోది వచ్చింది. జంట తుమ్ము మంచిదే, లేచాడు. గడప దాకా వెళ్ళేసరికి మూడోది. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నాలుగు, లేచాడు. ఐదు, కూర్చున్నాడు. ఏడో తుమ్ముకల్లా సంచి టేబుల్ మీద పెట్టేసి నిలబడే లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. పదిహేడు దగ్గర ఆగాయి. నేను కళ్ళు తెరవలేక గోడ పట్టుకుని నిలబడితే దగ్గరకొచ్చి, "సార్, ఇంకొక్కటి. బ్యాంకు బంద్ అయితది" అన్నాడు.

రాలేదు. కావాలని తుమ్ముదామంటే రాదు. ఆయన కోసం ప్రయత్నం కూడా చేశాను.

బయట తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు నలుగురు పరుగెత్తుకొచ్చారు. అందులో పెద్దామె నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసి, "మిర్చి కాడ ఎవలన్న ఊదుతరా బిడ్డా!" అంది. జవాబు చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు. మొహం కడుక్కుంటానని కుళాయి వైపు పోతే "నీళ్ళతోని పోదు, ఇంకింత మండుతది" అని ఆపింది. నిజమే, మిర్చి మంట నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆ సంగతి నాకు చదువు వల్ల తెలుసు, ఆమెకు మిర్చి వల్ల తెలుసు. తన సద్ది డబ్బాలో పెరుగు తీసి నా చెంపలకూ ముక్కుకూ పూసింది.

గుమస్తా స్లాట్‌లో వేలు పెట్టి ఆ దుమ్మును వెలుతురులో చూశాడు. నావైపు చూశాడు. "తేజ సార్ ఇది. చపాట అయితే మీరు గింత కాకపోదురు" అని తేల్చాడు. మన వరంగల్ చపాట మిర్చికి రంగెక్కువ, ఘాటు తక్కువ. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నా ఖర్మకు ఆ స్లాట్‌లోకి ఘాటెక్కువైన తేజ దుమ్ము వచ్చి చేరింది.

అల్లుడు గారు వీడియో కాల్‌లో ఇంకా ఉన్నారు. "అన్నా, కంప్రెస్డ్ ఎయిర్ డబ్బా వాడాలి కదా" అన్నారు. ముందే చెప్పొచ్చు కదా నాయనా.

మిగతాది అసలు పని, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెరుగు మొహంతోనే సర్వరు ఆన్ చేసి ఎల్ఎస్‌పీసీఐ కొట్టాను. కార్డు ఉంది. మొదటి నుంచీ ఉంది. రియల్‌టెక్ 8125 చిప్పు. సర్వర్లో ఉన్నది సెంటాస్ 7 అనే పాత లినక్స్, దాని గుండెకాయ లాంటి కర్నెల్ 3.10 వెర్షన్. ఆ కర్నెల్ నాటికి ఈ చిప్పు పుట్టనే లేదు, ఇక గుర్తుపట్టేదెలా? డ్రైవర్ సోర్సు కోడ్ తెచ్చి అక్కడే కంపైల్ చేయాలి, అంటే ఆ సర్వరుకు అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. కంపైల్ చేయాలంటే జీసీసీ అనే కంపైలరు, కర్నెల్ హెడర్ ఫైళ్ళు కావాలి. అవి కావాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో సర్వరుకు తగిలించి టెథరింగ్ పెట్టాను, అంటే ఫోన్ నెట్‌ను సర్వరుకు అందించాను. కాల్ కట్ చేయకపోతే టెథరింగ్ రాదని అల్లుడు గారికి చెప్పాను. అది అబద్ధం. నిన్నటి రోజు మొత్తంలో నాకు దక్కిన సుఖం అదొక్కటే.

సాఫ్ట్‌వేర్ తెప్పించే 'యమ్' కమాండు కొడితే యమలోకం నుంచి కూడా జవాబు రాలేదు. సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30తో అయిపోయింది, పాత అడ్రసులు పలకవు. అన్నీ 'వాల్ట్' అనే పాత సామాన్ల గదికి మార్చి, నడుస్తున్న కర్నెల్‌కు అచ్చంగా సరిపోయే హెడర్లు వెతికి, మేక్ కొట్టి కంపైల్ చేసి, ఆ డ్రైవర్ మాడ్యూల్ ఎక్కించి, ఐపీ ఇచ్చేసరికి ఐదున్నర. కాంటా కంప్యూటరు కలిసింది. 100 మెగాబిట్ వేగంతో. మిగతా 2,400 భవిష్యత్తులో వాడుకుంటారట.

సేటు గారు వచ్చి, "కార్డు మనదే కద, బిగించుడే కద" అని నేను చెప్పిన దాంట్లో మూడు వందలు తగ్గించి ఇచ్చారు. గుమస్తా నావైపు చూడలేదు. చెక్కులు ఇంకా ఆ సంచిలోనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఫోన్లో ఫోటో ఉంది. పెరుగు మొహం, వెనక టేబుల్ ఫ్యాను. అల్లుడు గారు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో పెడితే అది మా చిన్నత్తమ్మ మీదుగా హన్మకొండకు నా బండి కంటే ముందే చేరింది. 2.5 గిగాబిట్ అంటే అది.

నిన్న గోదాముకు తీసుకెళ్ళిన ల్యాప్‌టాప్ మీదే ఇదంతా టైప్ చేస్తున్నాను. కీబోర్డు తుడవలేదని ఇప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చే ముందే ఎడమ కన్ను నలుపుకున్నాను. ఇంట్లో పెరుగు ఉందో లేదో